కాల్పుల సాధన రోజే కట్టు సాధన: ఒక్క రోజు పోలీసు శిక్షణను ఇలా నడపండి

కాల్పుల సాధనకు వెళ్లిన ప్రతిసారీ రౌండ్ల లెక్క పక్కాగా ఉంటుంది. ఎన్ని తెచ్చాం, ఎన్ని పేల్చాం, ఎన్ని ఖాళీ కేసులు ఏరాం అని రాసుకుంటాం. ఒక్క కేసు తగ్గినా గడ్డి దువ్వి మరీ వెతుకుతాం. అదే మైదానంలో ఎవరి తొడలోనైనా తూటా దిగితే రక్తం ఆపే పట్టీ ఎక్కడుందని అడిగి చూడండి, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

నేను పనిచేసిన ఒకచోట ప్రథమ చికిత్స పెట్టె ఉండేది. దానికి తాళమూ ఉండేది. ఒక రోజు రైఫిల్ బోల్టులో, అంటే వెనక్కి ముందుకి జరిగే ఇనుప ముక్కలో వేలు నలిగి ఒక కానిస్టేబుల్‌కు రక్తం ధారగా కారుతుంటే, తాళంచెవి నా జేబులో ఉంది, నేను అనకాపల్లిలో పెళ్లి భోజనంలో ఉన్నాను. వాళ్లు తాళం పగలగొట్టి చూస్తే లోపల సగం వాడిన అయోడిన్ సీసా, గడువు తీరిన తలనొప్పి మాత్రలు ఉన్నాయి. నలిగింది వేలు కాబట్టి జేబురుమాలుతో సరిపోయింది. తప్పు నాదే. ఆ తర్వాత నేను నడిపిన ప్రతి సాధనలో గురి నేర్పిన రోజే కట్టు కూడా నేర్పాను. మీరు ఆర్‌ఎస్సై (రిజర్వ్ ఎస్సై) అయినా, స్టేషన్ ఎస్సై అయినా, మీ చేతిలో ఇరవై మంది సిబ్బంది, ఒక్క రోజు ఉన్నాయనుకుని చదవండి.

వారం ముందే చేయాల్సిన పని

తేదీ ముందు చూసుకోండి. విశాఖలో ఏప్రిల్ నుంచి జూన్ దాకా పొద్దున పది దాటాక మైదానంలో నిలబెడితే మనుషులు నేర్చుకునేది ఉక్కపోత ఒక్కటే. నవంబరు, ఫిబ్రవరి మధ్య పెట్టుకుంటే రోజంతా చేయించవచ్చు. వార్షిక మొబిలైజేషన్, అంటే ఏటా సిబ్బందిని ఒకచోట చేర్చి ఇచ్చే శిక్షణ జరిగే రోజుల్లో ఎలాగూ అందరూ ఒకచోట ఉంటారు, అందులో ఒక రోజు అడిగి తీసుకోవడం అన్నిటికంటే సులువు.

సామగ్రిలో మొదటిది టోర్నికెట్. కాలికో చేతికో చుట్టి, చిన్న కడ్డీని మెలిపెట్టి బిగించే పట్టీ ఇది. మనిషికి ఒకటి చొప్పున విధుల కోసం పక్కన పెట్టండి. సాధనకు మాత్రం వేరేవి, వీలైతే నీలి రంగువి తెప్పించండి. పదేపదే బిగించిన పట్టీ పీచు లేచి బలం తగ్గుతుంది, అలాంటిదాన్ని విధుల్లోకి పంపకూడదు. ఆన్‌లైన్‌లో సగం ధరకు వచ్చే నకిలీల జోలికి పోకండి. అచ్చం అసలు దానిలాగే ఉంటాయి, గట్టిగా తిప్పేసరికి కడ్డీ వంగిపోతుంది. మిగతా జాబితా చిన్నదే: మెత్తటి గాజుగుడ్డ చుట్టలు, సాగే కట్టు, చేతి తొడుగులు, మొండి మొన ఉన్న కత్తెర, ఛాతీ గాయం మీద అతికించే పట్టీలు, పలుచని వెండి రంగు దుప్పట్లు, చెరగని మార్కర్.

నేర్పేవారి విషయం. ఆంధ్ర వైద్య కళాశాల నుంచో, విశాఖ ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్ అత్యవసర విభాగం నుంచో ఒక వైద్యుడిని లేఖ రాసి పిలవండి. ఆయనతో పాటు 108 వాహనంలో పనిచేసే టెక్నీషియన్ ఒకరు ఉంటే ఇంకా మంచిది. నా మట్టుకు నాకు ఈ రెండోవారి మాటే ఎక్కువ పనికొచ్చింది. కుదుపుల మధ్య, దీపం లేనిచోట, బంధువుల అరుపుల్లో కట్టు కట్టడం వాళ్ల రోజువారీ పని. ఇక్కడ నేను రాసేది ఆ రోజును ఎలా నడపాలో చెప్పడానికే. చేతిలో చెయ్యి పెట్టి నేర్పాల్సింది వాళ్లే.

గాయం నమూనా మీరే చేసుకోవచ్చు. పొట్టేలు తొడ ముక్క ఒకటి తెచ్చి, ఎముక దాకా రెండు వేళ్లు పట్టేంత గాటు పెట్టించండి. సెలైన్ గొట్టం చివరను ఆ గాటు అడుగు దాకా దూర్చి, పైన వేలాడే సంచిలో ఎర్ర రంగు కలిపిన గంజి పోయండి. నీళ్లు కాకుండా గంజే ఎందుకంటే, నిజం రక్తం చేతులకు జిగటగా అంటుకుని జారుతుంది. పొడి చేతులతో నేర్చుకున్న కట్టు తడి చేతులకు రాదు. మాంసం ముట్టని వారికి మందపాటి స్పాంజిని ప్లాస్టిక్ డబ్బాలో బిగించి ఇవ్వండి.

పొద్దున: ముందు తుపాకీ

ఈ భాగం అందరికీ తెలిసిందే అనుకుంటారు, ప్రమాదాలూ ఇక్కడే జరుగుతాయి. ప్రతి ఆయుధాన్నీ లోడై ఉన్నట్టే చూడాలి. కాల్చకూడని దాని వైపు గొట్టం తిప్పకూడదు. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ బయటే ఉండాలి. టార్గెట్ వెనక ఏముందో తెలిసి ఉండాలి. మన ప్రాంతంలో కాల్పుల రేంజి అంటే చాలాచోట్ల కొండవాలే. అక్కడ మేకల కాపర్లు, కట్టెలు ఏరేవారు తిరుగుతారు. ఎర్రజెండా ఎగరేయడంతో సరిపెట్టకుండా ఇద్దరిని పంపి వాలంతా చూసి రమ్మనండి.

ఖాళీ చేయించేటప్పుడు వరుస తప్పనివ్వకండి. గొట్టం ఇసుక బస్తాల వైపు పెట్టాలి. ముందు రౌండ్లుండే మ్యాగజైన్ తీయాలి, ఆ తర్వాతే బోల్టు వెనక్కి లాగాలి. ఇది తారుమారైతే లాగి వదిలిన బోల్టు కొత్త రౌండును ఛాంబర్‌లోకి నెట్టేస్తుంది. తర్వాత మ్యాగజైన్ తీసి ‘ఖాళీ అయింది సార్’ అంటారు, లోపల ఒకటి ఉంటుంది. అందుకే చివర కంటితో చూసి, చిటికెన వేలు పెట్టి తడిమి, పక్కవాడికి కూడా చూపించాలి. ఇరవై ఏళ్ల సర్వీసు ఉన్న హెడ్ కానిస్టేబుల్ అయినా సరే పక్కవాడికి చూపించాల్సిందే. పెద్దవారికి మొహమాటంతో మినహాయింపు ఇచ్చిన రోజే తప్పు జరుగుతుంది.

రౌండ్లు తక్కువ ఉన్నాయని బాధపడకండి. ట్రిగ్గర్ నొక్కడంలో కుదుపు పోవాలంటే ఖాళీ ఆయుధంతో చేసే సాధన చాలు. గొట్టం కొన మీద రూపాయి బిళ్ల నిలబెట్టి పడకుండా నొక్కమంటే, ఒక పూటలో ఎవరి చెయ్యి ఎలాంటిదో మీకే తెలిసిపోతుంది. రౌండ్లు ఇచ్చాక ప్రతి ఒక్కరి చేతా కొన్నింటిని ఎడమ చేత్తో కాల్పించండి. ఎడమ చేతివాటం వారి చేత కుడి చేత్తో కాల్పించండి. ఒక చెయ్యి గాయపడిందనుకుని చేయించే ఈ పని మధ్యాహ్నం అక్కరకొస్తుంది. చెవులకు ప్లగ్గులు తప్పనిసరి. వాటిని పిరికితనంగా చూసే పాతకాలం మాటలు పట్టించుకోకండి, ఆ మాటలన్న చాలామంది ఇప్పుడు ఫోనులో ‘ఆ? ఆ?’ అంటున్నారు.

‘ఆపండి’ అని అరిచే హక్కు అందరికీ ఇవ్వండి. మంచినీళ్లు పోసే హోంగార్డు అరిచినా లైను మొత్తం ఆగాలి.

కాల్పులు అయ్యాక ఆయుధాలూ మిగిలిన రౌండ్లూ లెక్క చూసి బెల్ ఆఫ్ ఆర్మ్స్‌కు (ఆయుధాలు భద్రపరిచే గదికి) పంపేయండి, లేదా తాళం వేసిన వాహనంలో గార్డుతో పెట్టండి. టిఫిన్‌కు ముందు అందరూ సబ్బుతో చేతులు, ముఖం కడుక్కోవాలి. తూటాల సీసం పొడి చేతులకు అంటి ఇడ్లీతో పాటు కడుపులోకి పోతుంది. ఈ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు.

రక్తం ఆపడం

ఇక రోజులో అసలు భాగం. సగం సమయం దీనికే ఇవ్వండి.

పెద్ద మనిషి ఒంట్లో దాదాపు అయిదు లీటర్ల రక్తం ఉంటుంది. తొడలోని పెద్ద ధమని పూర్తిగా తెగితే మూడు నుంచి అయిదు నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. ఆ లోపు మద్దిలపాలెం సిగ్నల్ దాటి ఏ అంబులెన్సూ రాలేదు. కాబట్టి ఆ నిమిషాలు గాయపడినవాడివి, అతని పక్కనున్నవాడివి. 1990లలో అమెరికా సైన్యం వైద్యులు యుద్ధ గాయాలను మళ్లీ పరిశీలించి, 1996లో చికిత్స వరుసను మార్చి రాశారు. ఆపగలిగే మరణాల్లో చేతులు, కాళ్ల నుంచి కారే రక్తానిదే పెద్ద వాటా అని వాళ్లు గుర్తించారు. ఇప్పుడు పోలీసులకు నేర్పే పద్ధతులు చాలావరకు ఆ వరుస నుంచి వచ్చినవే. దాన్ని మా వాళ్లకు అయిదు మాటల్లో చెప్పేవాణ్ణి: నెత్తురు, గొంతు, ఛాతీ, నాడి, చలి. ఏది ముందు చూడాలో ఈ వరుసే చెబుతుంది.

టోర్నికెట్‌ను గాయానికి రెండు మూడు అంగుళాల పైన, గుండె వైపు వేయాలి. మోకాలు, మోచేయి కీళ్ల మీద వేయకూడదు. గాయం ఎక్కడో కనబడని చీకట్లో, కాల్పులు జరుగుతున్నచోట అయితే బట్టల మీదుగానే తొడ మొదట్లో, లేదా భుజం దగ్గర వీలైనంత పైన వేయాలి. జేబులో తాళాల గుత్తి, ఫోను ఉంటే ముందు తీసేయాలి, లేకపోతే పట్టీ వాటినే బిగిస్తుంది. ముందు పట్టీని చేత్తో లాగి వదులు లేకుండా చేయాలి. ఇది సరిగా చేయకపోతే కడ్డీని ఎంత తిప్పినా ఫలితం ఉండదు. తర్వాత కడ్డీ తిప్పాలి. రక్తం ఆగేదాకా, పాదంలోనో మణికట్టులోనో నాడి అందకుండా పోయేదాకా తిప్పి, కొక్కెంలో బిగించాలి. నొప్పి భరించరానిదిగా ఉంటుంది. ‘అన్నా, వదులు చెయ్యి’ అని బతిమాలతారు. వదులు చేయకూడదు. పాత ప్రథమ చికిత్స పుస్తకాల్లో పావుగంటకోసారి వదులు చేయమని ఉండేది, ఆ మాట మరిచిపోండి. ఒకటి చాలకపోతే దాని పైన రెండోది వేయండి. వేసిన సమయాన్ని పట్టీ మీద మార్కర్‌తో రాయండి.

మొదట కూర్చోబెట్టి రెండు చేతులతో చేయించండి. తర్వాత ఒంటి చేత్తో. తర్వాత పడుకుని, కళ్లకు గంతలు కట్టి, వేళ్లకు గంజి పూసి. టోర్నికెట్ బెల్టుకు మధ్యలో, రెండు చేతులకూ అందేలా ఉండాలన్నది ఇక్కడ వాళ్లకే తెలుస్తుంది. మా బృందంలో ఒకాయన వెనక జేబులో పెట్టుకున్నారు. వెల్లకిలా పడుకోబెట్టాక ఆయన ఒంటి చెయ్యి ఎంత సాగినా అందక, చివరికి నవ్వేసి దొర్లారు. ఆ తర్వాత ఎవరికీ చెప్పాల్సిన పని రాలేదు. మొత్తం పని ఒక నిమిషంలోపు అవ్వాలి. అయినవారి చేత కూడా మళ్లీ చేయించండి.

మన్యంలో పనిచేసేవారికి ఒక మాట. పాముకాటుకు ఈ పట్టీ వాడకూడదు, తాడు కూడా కట్టకూడదు. కాలు కదలకుండా చూసి ఆసుపత్రికి తీసుకువెళ్లడమే చికిత్స.

గజ్జలో, చంకలో, మెడ మొదట్లో గాయమైతే పట్టీ వేయడానికి చోటుండదు. అక్కడ గాజుగుడ్డ కుక్కాలి. గాయం పైన పరచడం వేరు, లోపలికి కుక్కడం వేరు. రక్తం ఏ మూల నుంచి వస్తోందో వేలితో వెతికి, అక్కడి నుంచి గుడ్డను అంగుళం అంగుళంగా దట్టించి, పూర్తిగా నిండాక రెండు అరచేతులతో ఒంటి బరువంతా వేసి నొక్కాలి. రక్తం గడ్డకట్టించే మందు పూసిన గుడ్డ అయితే మూడు నిమిషాలు, మామూలు గుడ్డ అయితే పది నిమిషాలు. ఫోనులో సమయం పెట్టి నొక్కించండి. చాలామంది నిమిషం కాకుండానే ఆగిందేమోనని చెయ్యి ఎత్తి చూస్తారు. ఎత్తితే పని మళ్లీ మొదటికి వస్తుంది. ఛాతీలో, కడుపులో గాయాలకు ఇలా కుక్కకూడదు.

ఛాతీకి తూటా తగిలితే ఆ రంధ్రం మీద అతికే పట్టీ వేయాలి, వీపు కూడా తడిమి చూడాలి. తూటా బయటికి పోయిన రంధ్రం వెనక ఉండొచ్చు, చాలాసార్లు దాన్ని చూడటం మరిచిపోతారు. పట్టీ వేశాక ఊపిరి ఇంకా కష్టమైతే ఒక అంచు ఎత్తి గాలి పోనివ్వాలి. స్పృహ ఉన్నవాడిని బలవంతంగా పడుకోబెట్టకండి, ఏ భంగిమలో ఊపిరి ఆడితే అలాగే కూర్చోనివ్వండి. స్పృహ లేకుండా ఊపిరి ఉంటే పక్కకు ఒత్తిగిలించండి.

విశాఖలో చలేమిటని అందరూ అడుగుతారు. రక్తం పోయిన ఒళ్లు మే నెలలోనూ చల్లబడుతుంది, చల్లబడిన రక్తం సరిగా గడ్డకట్టదు. చెమటకు తడిసిన చొక్కా తీసి, కింద ఏదైనా పరిచి, దుప్పటి కప్పాలి. లంబసింగి వైపు డ్యూటీ అయితే వేరే చెప్పాలా.

రెండూ కలిపి చేయించడం

ఈ భాగంలోకి ఒక్క నిజమైన ఆయుధం గానీ, ఒక్క రౌండు గానీ రాకూడదు. ప్రతి ఒక్కరూ తన జేబులు, పౌచ్‌లు తానే చూసుకోవాలి, తర్వాత పక్కవాడు తడమాలి, చివర మీరు తడమాలి. చేతికి చెక్క తుపాకులు ఇవ్వండి. ఏటికొప్పాకలో అంకుడు కర్రతో బొమ్మలు చెక్కేవాళ్లున్న ప్రాంతం మనది, వడ్రంగి చేత పది చేయించడం కష్టమా?

సన్నివేశం చిన్నదిగా పెట్టండి. లాడ్జి వరండా. నలుగురు వారంటు మీద వెళ్లారు. గది లోపలి నుంచి కాల్పులు. రెండోవాడి తొడకు తగిలింది. ఇప్పుడేం చేయాలి?

కొత్తవారందరూ పరుగెత్తి పడినవాడి మీద వాలిపోతారు. అప్పుడు మీరు విజిల్ ఊది ‘ఇప్పుడు ఇద్దరు పడ్డారు’ అని చెప్పండి. కాల్పులు ఆగనిచోట మొదటి చికిత్స ఆ కాల్పుల్ని ఆపడమే, లేదా గోడ చాటుకు చేరడమే. గాయపడినవాడికి స్పృహ ఉంటే కేక వేసి చెప్పాలి: ‘గోడ పక్కకు దొర్లు! పట్టీ నువ్వే వేసుకో! మేం అటు చూస్తున్నాం!’ పొద్దున ఒంటి చేత్తో చేసిన సాధన ఇక్కడే పనికొస్తుంది. చాటు దొరికాక ఒకడు చికిత్స చేయాలి, ఒకడు తలుపు మీద గురి తప్పకూడదు, ఒకడు వైర్‌లెస్ సెట్‌లో మాట్లాడాలి.

ఇంకొకటి, చాలామంది పట్టించుకోనిది. రక్తం పోయి మాట తడబడుతున్న సహచరుడి చేతిలోంచి ఆయుధం తీసేసుకోవాలి. మనవాడే, మంచివాడే. కానీ మెదడుకు రక్తం అందనివాడు ఎదురుగా ఉన్నది ఎవరో పోల్చుకోలేడు. సాధనలో దీన్ని చేయించేటప్పుడు మాటలు కూడా నేర్పండి: ‘అన్నా, నేను చూసుకుంటా, నాకివ్వు.’ లాక్కుంటే పెనుగులాడతారు, అడిగితే ఇస్తారు.

తర్వాతి సన్నివేశంలో తూటా తగిలింది నిందితుడికి. బేడీలు, సోదా, ఆ వెంటనే అదే పట్టీ, అదే శ్రద్ధ. 2014 సెప్టెంబరులో పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల్లో గాయపడిన నిందితుడికి వైద్యం అందించాలని స్పష్టంగా ఉంది. బట్టలు కత్తిరించేటప్పుడు తూటా రంధ్రం మీదుగా కత్తెర పోనివ్వకండి, అది సాక్ష్యం. కత్తిరించిన బట్టలను కాగితపు సంచిలో వేయండి. ప్లాస్టిక్‌లో వేస్తే తడి రక్తం కుళ్లుతుంది.

బండి, ఆసుపత్రి

సాధనకు ముందే డ్రైవర్ చేత దారి నడిపించండి. మీరున్నచోటి నుంచి కేజీహెచ్ దగ్గరా, హనుమంతవాక దగ్గరున్న విమ్స్ ఆసుపత్రి దగ్గరా, ఏ వేళ ఏ కూడలి స్తంభిస్తుందో, ఏ గేటు తెరిచి ఉంటుందో చూసుకోవాలి. సాయంత్రం ఆరు గంటలకు ఎన్‌ఏడీ కూడలి వైపు వెళ్లే దారి మ్యాపులో కనిపించినట్టు ఉండదు. దగ్గరి ఆసుపత్రి అన్నివేళలా సరైన ఆసుపత్రి కాదు. తూటా గాయానికి శస్త్రచికిత్స వైద్యుడు, రక్తం రెండూ సిద్ధంగా ఉన్నాయో లేదో దారిలోనే ఫోను చేసి కనుక్కోవాలి. ఫోనులో నాలుగు ముక్కలు చాలు: గాయం ఎక్కడ, పట్టీ ఎన్ని గంటలకు వేశారు, స్పృహ ఉందా, ఎన్ని నిమిషాల్లో వస్తున్నారు. దీన్ని కూడా నిజంగా ఫోను పట్టుకుని మాట్లాడించండి. రాసి ఇచ్చిన కాగితం ఆ హడావుడిలో ఎవరూ చదవరు.

పాడేరు ఘాట్ వైపు వెళ్లే బృందాలకు లెక్క వేరు. అక్కడి నుంచి నగరానికి నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరం, అదీ మలుపుల దారి. టోర్నికెట్ రెండు గంటల వరకు వేసి ఉంచితే సాధారణంగా కాలికి ముప్పు ఉండదు, అంతకు మించితే వైద్యుడి సలహా కావాలి. ఆరు గంటలు దాటితే ఆసుపత్రిలో తప్ప విప్పకూడదు. అందుకే ఆ బృందంలో కనీసం ఒకరికి ఎక్కువ రోజుల శిక్షణ ఉండాలి, మోయడానికి మడత స్ట్రెచర్ ఉండాలి. స్ట్రెచర్ లేనిచోట దుప్పటీ రెండు వెదురు కర్రలు కలిపి డోలీ కట్టడం మన్యం నుంచి వచ్చిన కానిస్టేబుళ్లకు బాగా తెలుసు. ఆ అరగంట పాఠం వాళ్ల చేతే చెప్పించండి.

సాయంత్రం

నీలి పట్టీలు లెక్కపెట్టి, గంజి కడిగి ఆరేయండి. విధుల టోర్నికెట్‌ను ప్లాస్టిక్ కవరు విప్పి, మడత సరిచేసి బెల్టుకు పెట్టించండి. కవరుతో సహా పెట్టుకుంటే తడి చేతులతో అది చిరగదు. గాజుగుడ్డ ప్యాకెట్ల మీది గడువు తేదీలను రౌండ్ల రిజిస్టర్ పక్కనే ఒక పేజీలో రాయండి, రౌండ్లు లెక్కపెట్టే రోజున వాటినీ లెక్కపెడతారు. మూడు నెలలకోసారి స్టేషన్ వరండాలోనే అరగంట, ఒంటి చేత్తో, కళ్లు మూసుకుని పట్టీ వేయించండి. ప్రథమ చికిత్స పెట్టెను గోడకు అందరికీ అందే ఎత్తులో బిగించి, తాళం తీసేయండి. మొదటి నెలలో దూది, తలనొప్పి మాత్రలు మాయమవుతాయి. పోనివ్వండి.